మానసిక ఆరోగ్యపు లెక్కలు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

2011 జనాభా లెక్కల్లో వైకల్యం గురించిన ప్రశ్న కింద మానసిక వ్యాధిగ్రస్తులుగా దేశం మొత్తం మీద నమోదైనవారు సుమారు 7.2 లక్షల మంది కాగా, ఆ తరువాత అయిదేళ్లకు బెంగళూరులోని నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దాదాపు 15 కోట్ల మందికి మానసిక వైద్యసహాయం అవసరమని అంచనా వేసింది. ఈ రెండు సంఖ్యలూ ఒకే విషయాన్ని కొలవలేదన్నది నిజమే. మొదటిది ఇంటివాళ్లు చెప్పగా ఎన్యూమరేటర్ రాసుకున్న వైకల్యపు లెక్క. రెండోది తర్ఫీదు పొందిన సిబ్బంది మనుషులను విడివిడిగా అడిగి తేల్చిన వ్యాధుల లెక్క, అందులో కుంగుబాటు, ఆందోళన మొదలుకొని మద్యానికి బానిస కావడం వరకు అనేక స్థితులు చేరాయి. అయినా ఇంత తేడాకు నిర్వచనాలొక్కటే కారణం కాదు. ఎవరు అడిగారు, ఎలా అడిగారు, ఎంతసేపు అడిగారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, ఆ మూడూ ప్రభుత్వం ఆ పనికి కేటాయించే డబ్బును బట్టి ఉంటాయి.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నిధులతో 2015-16లో జరిగిన ఆ సర్వే 12 రాష్ట్రాలకు పరిమితమైంది. కొన్ని జిల్లాలను, వాటిలో కొన్ని గ్రామాలను, వార్డులను, చివరికి కొన్ని ఇళ్లను చీటీ తీసినట్టు ఎంపిక చేసి, ఆ కొద్దిమంది జవాబుల నుంచి మొత్తం జనాభా స్థితిని లెక్కగట్టే నమూనా పద్ధతిలో దాదాపు 35 వేల మంది పెద్దలతో మాట్లాడారు. పొగాకు వ్యసనాన్ని మినహాయించి చూస్తే పెద్దల్లో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, మహానగరాల్లో ఈ వ్యాప్తి పల్లెల కంటే ఎక్కువగా ఉందని తేలింది. అన్నిటికన్నా కలవరపెట్టేది చికిత్సా అంతరం, అంటే వ్యాధి ఉండి కూడా వైద్యం అందనివారి శాతం. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో అది 85 శాతం. ఆసుపత్రి రిజిస్టర్లను ఎంత శ్రద్ధగా కూడినా ఈ సంఖ్య దొరకదు, ఎందుకంటే ఆసుపత్రి మెట్లెక్కనివారి పేరు ఆ రిజిస్టర్లలో ఉండదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు వచ్చే కాల్స్ లెక్కకు కూడా ఇదే పరిమితి ఉంది. అది సాయం కోరినవారి సంఖ్యే తప్ప సాయం అవసరమైనవారి సంఖ్య కాదు.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. పొరుగున ఉన్న తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ ఆ 12 రాష్ట్రాల్లో ఉన్నాయి గాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి ఆ సర్వే ఆధారంగా ఈ రెండు రాష్ట్రాల్లో ఎంతమంది సైకియాట్రిస్టులు కావాలో, ఏ జిల్లా ఆసుపత్రికి ఏ మందులు ఎంత పంపాలో నిర్ణయించాలంటే ఇతర రాష్ట్రాల సగటునే తెచ్చి ఇక్కడి జనాభాకు వర్తింపజేయాలి. ఉద్దానం కిడ్నీ రోగుల కుటుంబాల దిగులును, గల్ఫ్‌కు భర్తను పంపి జగిత్యాల పల్లెలో ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న ఇల్లాలి నిద్రలేమిని ఆ సగటు పట్టుకుంటుందని ఆశించలేము.

ఇలాంటి సర్వేలో ఖర్చు ఎక్కడ అవుతుందో అర్థం కావాలంటే ఒక ఇంటి ముంగిట జరిగే సంభాషణను చూడాలి. గడిచిన రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటోందా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని కోడలిని అడగవలసిన వేళ అత్తగారు అరుగు మీదే కూర్చుని ఉంటే, నిజమైన జవాబు రాదు. ఆ పెద్దావిడను నొప్పించకుండా పక్కకు పంపగల నేర్పు, జవాబు మధ్యలో కన్నీళ్లు పెట్టుకుంటే ప్రశ్నావళి పక్కన పెట్టి ఆగగల ఓపిక, ఆత్మహత్య ఆలోచన ఉందని చెప్పినవారిని అక్కడే వదిలేయకుండా వైద్యుడి దగ్గరకు చేర్చే ఏర్పాటు, ఇవన్నీ వారాల తర్ఫీదుతో, తగిన జీతంతో, రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తిచేయాలన్న ఒత్తిడి లేని పనివేళలతో మాత్రమే సాధ్యమవుతాయి. దిగులు అనకుండా గుండెదడ అనో, నరాల బలహీనత అనో, ఒళ్లంతా మంటలు అనో చెప్పేవారి మాటను సరిగ్గా అందుకోవడానికి ప్రశ్నావళిని ముందుగా స్థానిక మాండలికంలో పరీక్షించి సరిచేసుకోవాలి. నిధులు కుదించినప్పుడు ముందుగా కోత పడే అవకాశం ఉన్నవి ఇవే, ఎందుకంటే ఇవి టాబ్లెట్లలా, సాఫ్ట్‌వేర్‌లా బిల్లులో స్పష్టంగా కనబడవు.

ఆత్మహత్యల గణాంకాల్లో ఈ లోపం మరింత బాధాకరంగా బయటపడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే లెక్క పోలీసుస్టేషన్ల నుంచి వస్తుంది, 2022లో అది 1,70,924. అయితే ఆత్మహత్యాయత్నం చాలాకాలం శిక్షించదగిన నేరంగా ఉండడం వల్ల, కుటుంబ పరువు భయం వల్ల, పోలీసుల విచారణ భయం వల్ల ఎన్నో మరణాలు ప్రమాదాలుగానో, కడుపునొప్పిగానో నమోదయ్యాయి. 2010కి పోలీసు లెక్క సుమారు 1.35 లక్షలు ఉండగా, చనిపోయినవారి ఇళ్లకు సిబ్బంది వెళ్లి బంధువులను అడిగి తెచ్చిన వివరాలను వైద్యులు చదివి కారణం నిర్ధారించిన మిలియన్ డెత్ స్టడీ, 15 ఏళ్లు దాటినవారిలోనే 1.87 లక్షల ఆత్మహత్యలు జరిగి ఉంటాయని అంచనా కట్టింది. తెలుగు నేలపై ఈ కాగితాలకు మరో బరువు కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఇచ్చిన 421 జీవో ప్రకారం రైతు ఆత్మహత్యగా అధికారుల కమిటీ ధ్రువీకరిస్తేనే కుటుంబానికి పరిహారం అందేది. సొంత పట్టా లేని కౌలు రైతు విషయంలో ఆ ధ్రువీకరణ దక్కడమే కష్టమైంది. ఒక మరణాన్ని ఏ గడిలో రాశారన్నది గణాంకాన్నే కాక వెనక మిగిలిన కుటుంబపు బతుకునూ శాసించింది.

క్రమం తప్పని నిధులు ఏం చేయగలవో ఇంగ్లండు చూపుతుంది. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో 1993, 2000, 2007, 2014, 2023-24 సంవత్సరాల్లో పెద్దల మానసిక ఆరోగ్య సర్వేలు జరిగాయి, కీలకమైన ప్రశ్నలను మార్చకుండా ఉంచారు. అందువల్ల 16 నుంచి 64 ఏళ్లవారిలో కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలు 2007లో 17.6 శాతం, 2014లో 18.9 శాతం, 2023-24లో 22.6 శాతంగా పెరిగాయని ఆ దేశం చెప్పగలుగుతోంది. ఒకే పద్ధతిలో పదే పదే కొలిచినప్పుడే పెరుగుదల కనబడుతుంది. ఒక్కసారి కొలిచి వదిలేస్తే, కోవిడ్ తరువాత పరిస్థితి విషమించిందా అన్న ప్రశ్నకు ఊహే జవాబవుతుంది.

సమాచారం సేకరించడంతో పాటు దాన్ని దాచడానికీ ఖర్చు చేయవలసిందే. పెళ్లి సంబంధం చెడుతుందని, ఉద్యోగం పోతుందని భయపడే సమాజంలో ఒక్క పేరు బయటికి పొక్కినా తరువాతి సర్వేకు తలుపులు మూసుకుంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది గాని, పేర్లు, చిరునామాలు తొలగించి సమాచారాన్ని భద్రపరచే సిబ్బందిని, సర్వర్లను చట్టం ఒక్కటే సమకూర్చలేదు.

జాతీయ సర్వేకు కేంద్రం ఇచ్చే డబ్బుతో ప్రతి జిల్లాకూ నమ్మదగిన అంకె రాదు, అంత పెద్ద నమూనా దానికి ఉండదు. ఆ లోటు పూడ్చడానికి రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వైద్యారోగ్య బడ్జెట్లలో కొంత మొత్తం పెట్టి, అదే ప్రశ్నావళితో అదనపు ఇళ్లను చేర్పించుకోవచ్చు. విశాఖపట్నంలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల నిపుణులకు క్షేత్ర సిబ్బంది తర్ఫీదు బాధ్యత అప్పగించవచ్చు. ఆ మొత్తాన్ని ఒక ఏడాది పథకంగా కాక, అయిదేళ్లకొకసారి తప్పనిసరిగా వచ్చే ఖర్చుగా ముందే రాసి పెట్టుకోవాలి.