సర్కారు బొగ్గుకీ ఓ లెక్కుంది!

బియ్యం నాసిగా ఉంటే ఇంకో కొట్టుకెళ్తాం. మరి ఊరంతటికీ కొట్టు ఒక్కటే అయితే? అదీ సర్కారువారిదే అయితే?

బొగ్గు విషయంలో దేశంలోని విద్యుత్‌ కేంద్రాల పరిస్థితి చాలాకాలం అచ్చంగా ఇదే. 1973లో బొగ్గు గనుల్ని జాతీయం చేశారు. 1975లో కోల్‌ ఇండియా పుట్టింది. సింగరేణి దారి వేరు కానీ, దేశంలో తవ్వే బొగ్గులో సింహభాగం మాత్రం కోల్‌ ఇండియాదే. ధర తనది, షరతులూ తనవే!

గ్రేడును బట్టి డబ్బు కడుతున్నా ఆ నాణ్యత ఉండటం లేదనీ, ఒప్పందాలన్నీ ఏకపక్షమనీ పోటీ కమిషన్‌ గడప తొక్కిన వారిలో మహారాష్ట్ర, గుజరాత్‌ విద్యుదుత్పత్తి సంస్థలున్నాయి. విశేషమేంటంటే... అవీ సర్కారువే! 2013 డిసెంబరులో కమిషన్‌ 1773 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పిలేట్‌ ట్రైబ్యునల్‌ 2016లో దాన్ని కొట్టేసి, మళ్లీ విచారించమంది. 2017లో కమిషన్‌ మరోసారి తప్పుపట్టి, జరిమానాను 591 కోట్లకు తగ్గించింది. ఒప్పందాల్లో షరతులు మార్చమనీ చెప్పింది.

‘మాది లాభాల వ్యాపారం కాదు. ప్రజాప్రయోజనం కోసం చట్టమే ఇచ్చిన గుత్తాధిపత్యం. పోటీయే లేనిచోట పోటీ చట్టమెలా వర్తిస్తుంది?’ అన్నది కోల్‌ ఇండియా వాదన.

2023 జూన్‌ 15న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అణుశక్తి, కరెన్సీ, రక్షణ, అంతరిక్షం లాంటి సార్వభౌమ విధుల్నే 2002 నాటి పోటీ చట్టం పక్కనపెట్టింది. బొగ్గు అమ్మకం ఆ కోవలోకి రాదు. పైగా ప్రభుత్వ సంస్థకు చట్టంవల్ల దక్కిన గుత్తాధిపత్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులోనే రాసి ఉంది. ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాలనుకుంటే కేంద్రానికి 54వ సెక్షనుంది. పెద్దగా ఉండటం తప్పు కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేయడమే తప్పు... చట్టం సారాంశమిదే. కోల్‌ ఇండియా నిజంగా తప్పు చేసిందా అన్నది మాత్రం ఆ తీర్పు తేల్చలేదు. చట్టం వర్తిస్తుందా లేదా అన్నదే చెప్పింది.

జరిమానా కట్టినా ఆ సొమ్ము చేరేది కేంద్ర ఖజానాకే. కోల్‌ ఇండియాలో పెద్ద వాటాదారూ కేంద్రమే. అంటే, ఈ జేబులోంచి ఆ జేబులోకి! అందుకే జరిమానా కన్నా షరతుల మార్పే ముఖ్యం. నాసి బొగ్గుతో అదే కరెంటు తీయాలంటే ఎక్కువ మండించాలి, బూడిదా పెరుగుతుంది. ఆ ఖర్చు చివరికి చేరేది మనింటి కరెంటు బిల్లుకే మరి!