పాత ఆంప్లిఫయర్‌కి కొత్త ట్రాన్సిస్టర్లు

అత్తయ్యగారు పోయాక మామయ్యగారు మా దగ్గరికి డల్లాస్ వచ్చినప్పుడల్లా ఆయనకు కాలక్షేపం ఘంటసాల పాటలే. అవి వినేది మా 1970ల నాటి స్టీరియో ఆంప్లిఫయర్‌లో. పోయిన నెల ఫ్యూజ్ కొట్టేసి అది మూగబోయింది. బీఎస్సీలో చదివిన ఎలక్ట్రానిక్స్ గుర్తు తెచ్చుకుని నేనే మూత విప్పాను.

ముందు ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లలో చార్జి లేదని మల్టీమీటర్‌తో చూసుకోవాలి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌లో కలెక్టరు, ఎమిటరు మధ్య ఎటు కొలిచినా దాదాపు సున్నా చూపిస్తే షార్ట్ అయినట్టే.

ఆ నంబరు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో చవగ్గా 'ఒరిజినల్' అన్నవి తెప్పిస్తే పది నిమిషాల్లో కాలిపోయాయి. కోసి చూస్తే పెద్ద డబ్బాలో చిట్టి చిప్పు!

నిజానికి అదే నంబరు అక్కర్లేదు. వోల్టేజి, కరెంటు, వాట్లు పాతదానికి తగ్గకూడదు. ఎన్‌పీఎన్, పీఎన్‌పీ రకం, కాళ్ల వరస కుదరాలి. మరీ వేగమైనవి వేస్తే ఆసిలేషన్ రావచ్చు. మాకు ఎంజే15003, ఎంజే15004 జత సరిపోయింది. అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే కొనండి. జత మొత్తం మార్చండి. డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు కూడా పరీక్షించండి, లేదంటే కొత్తవీ పోతాయి. కింద మైకా ముక్క మరవద్దు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టాలి. ఈ పని అలవాటు లేకపోతే తెలిసినవాళ్లతోనే చేయించండి. బల్బు వెలిగి మసకబారితే మంచిదే, బాగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. తర్వాత బయాస్ సరిచేసి, స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉంటేనే స్పీకర్లు కలపండి.

మామయ్యగారు జూన్‌లో వస్తున్నారు. పాటలు సిద్ధం!