పండగంటే పడని హీరో!

క్రిస్మస్‌ వీడియోగేమ్‌ అంటే ఏముంటుంది? ఎర్రకోటు తాత, జింకల బండి, కానుకల మూట... అంతేగా అనుకుంటాం. ‘ది గ్రించ్‌’ ఆటలో మాత్రం అంతా తలకిందులు. ఇందులో హీరో కానుకలు పంచడు, మీదపడి పచ్చడి చేస్తాడు. పండగంటేనే అతనికి ఒళ్లుమంట మరి!

అమెరికా పిల్లల రచయిత డాక్టర్‌ స్యూస్‌ 1957లో సృష్టించిన పాత్ర ఈ గ్రించ్‌. కొండమీద గుహలో మ్యాక్స్‌ అనే కుక్కతో బతుకుతుంటాడు. అతని గుండె మామూలుకన్నా బాగా చిన్నదట. కింద హూవిల్‌ ఊరివాళ్ల సందడి భరించలేక క్రిస్మస్‌నే ఎత్తుకుపోవాలనుకుంటాడు. 2000లో రాన్‌ హోవార్డ్‌ దర్శకత్వంలో ఈ కథ సినిమాగా వచ్చింది. ‘ది మాస్క్‌’లో పచ్చ మొహంతో నవ్వించిన జిమ్‌ క్యారీయే ఇందులోనూ పచ్చటి గ్రించ్‌. ఆ ఏడాదే కొనామీ సంస్థ ప్లేస్టేషన్‌, డ్రీమ్‌కాస్ట్‌, కంప్యూటర్ల కోసం ఈ ఆటను విడుదల చేసింది.

వెతికితేనే దారి

గ్రించ్‌ గీసుకున్న యంత్రాల నమూనా కాగితాలు చెల్లాచెదురవుతాయి. ఊరు, అడవి, చెత్తదిబ్బ, చెరువు... నాలుగుచోట్లా తిరిగి వాటిని ఏరుకోవాలి. ఒక్కో నమూనా పూర్తయితే ఒక్కో పరికరం చేతికొస్తుంది. కుళ్లిన గుడ్లు విసిరే తుపాకీ, ఎత్తుకు ఎగరేసే రాకెట్‌ స్ప్రింగ్‌, గోడలెక్కించే ఆక్టోపస్‌ పరికరం, నీళ్లలో నడిచే బండి, చివరికి బుల్లి హెలికాప్టర్‌!

ఆటకు ప్రాణం ఇదే. మొదటిసారి అందని మేడ, ఎక్కలేని గోడ ఎదురైతే పిల్లలు విసుక్కుంటారు. కాగితాలన్నీ దొరికి స్ప్రింగ్‌ రాగానే ‘అరె, ఇప్పుడక్కడికి వెళ్లొచ్చు’ అని వెనక్కి పరిగెత్తుతారు. చూసింది గుర్తుపెట్టుకోవడం, ఏ పరికరం ఎక్కడ పనికొస్తుందో ఆలోచించడం అలవాటవుతుంది. గ్రించ్‌ పట్టని సందుల్లోకి మ్యాక్స్‌ని పంపొచ్చు. తుపాకుల మోత, నెత్తురు లేవు. గ్రించ్‌ సొంత ఆయుధం... నోటి కంపు!

చిలిపి పనులూ అలాంటివే. ఒకరి ఉత్తరాలు మరొకరి పెట్టెలో వేయడం, మేయర్‌ పోస్టర్లకు రంగులు పులమడం, కేకు మీది కొవ్వొత్తుల బదులు బాణసంచా గుచ్చడం... పక్కన కూర్చున్న పెద్దవాళ్లకీ నవ్వాగదు.

కెమెరాతో కుస్తీ

ఇక లోపాలు. మొదటిది కెమెరా. గోడల దగ్గరా మూలమలుపుల్లోనూ అది ఎటో తిరుగుతుంది. ఎక్కడికి దూకుతున్నామో తెలియక కింద పడుతుంటే చిన్నపిల్లలకు ఏడుపొస్తుంది. రెండోది, ప్రతిచోటా ఉన్న కానుకలన్నీ తొక్కాలన్న నియమం. మొదట్లో సరదాయే. చివరి రెండు మూడు ఎక్కడ నక్కాయో తెలియక తిరిగినచోటే తిరుగుతుంటే అదే చాకిరీ అవుతుంది. మూడోది, ఉన్నవి నాలుగే లోకాలు. ఆట చేయి తిరిగినవాళ్లు సెలవుల్లోనే ముగించేస్తారు.

అసలు లోటు వేరే ఉంది. గ్రించ్‌ కథను పిల్లలు ఇన్నేళ్లుగా ఇష్టపడుతున్నది అతను దొంగతనం చేసినందుకు కాదు. కానుకలన్నీ పోయినా హూవిల్‌ జనం పాడుతూ నిలబడతారు. అది చూసి అతని గుండె పెద్దదవుతుంది. మరి ఆటలో మన చేతికిచ్చిన పనులు? ఉత్తరాలు తారుమారు చేయడం, పడవలకు చిల్లులు పెట్టడం, గుడారాలు పాడుచేయడం... అన్నీ అల్లరే. పాడుచేసినదాన్ని బాగుచేసే పని ఆ జాబితాలో ఒక్కటీ లేదు. పోగొట్టుకున్న ఉత్తరాన్ని సరైన గుమ్మానికి చేర్చే అవకాశం ఒక్కటిచ్చినా, మారిన మనసేమిటో పిల్లల వేళ్లకు తెలిసేది.

అలాగని ఆటని వద్దనక్కర్లేదు. అల్లరి చేయాలన్న సరదా ఏ పిల్లలకుండదు? అది తెరమీద తీరిపోతే మంచిదే. కాకపోతే ఆట కట్టేశాక గ్రించ్‌ కథ మిగతా సగం మనం చెప్పాలి. ఆ సగానికి ఏ రిమోటూ అక్కర్లేదు, పక్కన కూర్చునే అమ్మో నాన్నో ఉంటే చాలు!