అంతరకృషికి ఎద్దుల ఎంపికలో నడక ప్రాధాన్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప సాళ్ల మధ్య గుంటక తోలే ఎద్దులకు వేగం కన్నా నిలకడైన నడక ముఖ్యం. దక్షిణ కర్ణాటకకు చెందిన హళ్లికార్ జాతి చురుకైన నడకకు, బండి ప్రయాణానికి ప్రసిద్ధి. ఒంగోలు జాతి బరువు పనులకు పేరొందినది. పరుగుకు అంతగా అనువైనది కాదు. సాళ్ల మధ్య తొందరపడే ఎద్దు మొక్కలను తొక్కుతుంది. కావున అక్కడ ఈ నెమ్మదితనమే ఒంగోలుకు అనుకూల గుణం. అయితే కొమ్మలు కమ్ముకొన్న తోటలో భారీ శరీరం ఆటంకమవుతుంది.

అందువల్ల జాతి పేరుతో తృప్తి చెందక, గుంటక కట్టి నడిపించి చూడాలి. జత ఒకే అడుగుతో సాగుతున్నదా, సాలు తప్పుతున్నదా, చివర ప్రశాంతంగా మళ్లుతున్నదా గమనించాలి. బండలాగుడు పందెపు బలమొకటే ఆబోతుల ఎంపికకు ప్రమాణమైతే, సేద్యానికి అవసరమైన ఈ నడక క్రమంగా మరుగున పడే ప్రమాదముంది. విస్తరణ శాస్త్రవేత్తలు పశువుల వివరాలలో నడకను కూడా నమోదు చేయడం అవసరం.