పాలు కక్కు పసిబిడ్డలు

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలోని ఎత్తైన మేడలలో కాపురముండు యువతులు చంటిబిడ్డల విషయమై మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు. “బిడ్డ త్రాగిన పాలన్నియు కక్కివేయుచున్నది. మే మేమి చేయవలెను?” అని వారి యాందోళనము.

1998వ సంవత్సరము నవంబరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన నాడు చుట్టును రాతిగుట్టలే హెచ్చుగా నుండెడివి. నేడు గుంటూరునుండి, కరీంనగరమునుండి, విశాఖనుండి ఉద్యోగములకై వచ్చిన దంపతులతో ఆ సీమ నిండిపోయినది. పురిటికి పుట్టినింటికి పోయిన యువతి మూడవ నెలలోనో అయిదవ నెలలోనో బిడ్డ నెత్తుకొని తిరిగివచ్చును. తల్లిగారో అత్తగారో కొన్నాళ్ళు తోడుండి తమ యూరికి వెడలుదురు. పిదప ఆ యింట బిడ్డను చూచి “ఇది మామూలే, భయపడకు” అని చెప్పు పెద్దదిక్కు లేదు. చేతిలోని ఫోను మాత్రము నూఱు రోగముల పేర్లు చెప్పును.

దీనికి తోడు మఱియొక చిక్కు గలదు. 2017లో సవరింపబడిన ప్రసూతి చట్టము వలన ఉద్యోగినులకు మొదటి యిద్దఱు బిడ్డల కాన్పులలో 26 వారముల వేతనసెలవు లభించెను. అందు కొన్ని వారములు ప్రసవమునకు ముందే గడచినచో, బిడ్డకు నాలుగైదు నెలలు వచ్చునప్పటికి సెలవు ముగియును. పాలు కక్కుట మిక్కిలి హెచ్చుగా నుండునదియు సరిగా ఆ నెలలలోనే. “నేను ఆఫీసునకు పోవుటచేతనే బిడ్డకు పాలు ఇముడుట లేదు” అని తల్లి తన్ను తాను నిందించుకొనును. ఇరుగుపొరుగువారు ఆ నిందకు వంతపాడుదురు. ఇది నిరాధారమని మేము గట్టిగా చెప్పగలము.

కారణము దేహనిర్మాణములో నున్నది. గొంతునుండి కడుపునకు దిగు అన్ననాళము చివర కండరముతో నేర్పడిన ద్వారమొకటి గలదు. పెద్దవారిలో అది మ్రింగునపుడు తెఱచుకొని వెంటనే బిగియును. పసివారిలో నది యింకను పదును పడక వేళగాని వేళ సడలుచుండును. కడుపు చూడబోయిన చిన్నది, ఆహారమంతయు ద్రవము, రోజులో నధికభాగము పడుకయే. మూతి వదులైన తిత్తిని నిండుగా నింపి అడ్డముగా పెట్టినచో నేమగునో బిడ్డకును అదియే యగుచున్నది. అమెరికాలో చికాగో ప్రాంతపు బిడ్డలను పరిశీలించి 1997లో ప్రకటించిన లెక్కలనుబట్టి, నాలుగవ నెలలో నూటికి 67 మంది రోజున కొక్కసారియైనను కక్కుదురు. ఏడాది నిండవచ్చునప్పటికి నూటికి అయిదుగురే మిగులుదురు. బిడ్డ కూర్చుండ నేర్చి, గట్టి యాహారము తినసాగిన కొలది ఆ ద్వారము బిగియును. ఇందులకు మందు కాలమే.

కక్కిన పాలు కంటికి మిక్కుటముగా తోచును. నమ్మనివారు ఒక చెంచాడు పాలు పాత గుడ్డమీద ఒలికించి చూడుడు. గుడ్డ సగము తడిసిపోవును. కాబట్టి తడిసిన చీరను గాక బిడ్డను చూడవలెను. మొదటి మూడు నెలలలో దినమునకు 20 మొదలు 30 గ్రాముల వఱకు బరువు హెచ్చుచు, దినమునకు ఆఱుసార్లకు తక్కువ గాకుండ మూత్రము విడుచుచు, కక్కిన వెంటనే నవ్వు బిడ్డకు రోగములేదు. చాకిరేవు పని మాత్రమే హెచ్చినది.

ఆ పనిని తగ్గించుకొను ఉపాయములు లేకపోలేదు. ఒకేసారి కడుపునిండ పట్టుటకంటె కొంచెము కొంచెముగా పలుమాఱు లిచ్చుట మేలు. నడుమ నడుమ భుజముమీద వేసికొని వీపు నిమిరి త్రేనుపు రానీయవలెను. పాలు త్రాగిన పిదప అరగంటసేపు బిడ్డను నిలువుగా నెత్తుకొనవలెను. రాత్రి పదిగంటలకు అమెరికావారితో సమావేశము జరుపు తండ్రిగారు, వినుట చెవులపని గనుక, ఆ యరగంట తమ భుజము నీయవచ్చును. కాళ్ళమీద పండబెట్టి నూనె మర్దించి తలంటుట మన యమ్మమ్మలకు ముచ్చట. ఆ ముచ్చట పాలకు ముందే జరుగవలెను గాని తరువాత కాదు. తల్లి ఆఫీసులో నున్నపుడు పిండియుంచిన పాలను సీసాతో పట్టువారు చివరి బొట్టువఱకు త్రాగించి తీరవలెనని పట్టుపట్టుదురు. బిడ్డ మొగము త్రిప్పుకొన్నచో ఆకలి తీఱినదని యర్థము. తిత్తి రంధ్రము పెద్దదైనను పాలు ధారగా దిగి వెంటనే పైకివచ్చును.

నిద్ర విషయమున పెద్దలతో వాదము తప్పదు. వెల్లకిల పండబెట్టిన కక్కినపాలు ఊపిరికి అడ్డుపడునని వారి భయము. నిజమునకు వెల్లకిల నున్నపుడు శ్వాసనాళము పైన, అన్ననాళము క్రింద నుండును. పైకి వచ్చిన పాలు తిరిగి క్రిందికే జాఱును. బోర్లపడుకయే యపాయకరము. అమెరికాలో 1994 నుండి బిడ్డలను వెల్లకిల పండబెట్టుడని ప్రచారము సాగించిన పిదప నిద్రలో హఠాత్తుగా సంభవించు శిశుమరణములు సగమునకు పైగా తగ్గెను. తల యెత్తుగా నుంచుటకు దిండ్లు, ఆవాలదిండ్లు పెట్టరాదు. చీర ఉయ్యాలలో గడ్డము ఱొమ్మునకు వంగును గనుక అందు గమనింపక నిద్రపుచ్చరాదు. వాలుగా నుండు నిద్రపడకలను బంధువులు అమెరికానుండి ముద్దుగా కొనితెచ్చుట కలదు. ఆ దేశమే 2022లో చట్టముచేసి వాని విక్రయమును నిషేధించినదని వారికి తెలియజెప్పవలెను.

ఇక మందులు. వస, ఉగ్గు, తేనె, గ్రైపువాటరు మొదలగునవి ఆఱు నెలలలోపు బిడ్డకు వలదు. మన మేడిమాసపు టెండలలో సైతము నీరక్కఱలేదు, చనుబాలలోనే నీరున్నది. తేనె యేడాది నిండువఱకు కూడదు. మందులదుకాణములో అడిగి తెచ్చు డాంపెరిడోను చుక్కలను బ్రిటను దేశమున 2019 నుండి పండ్రెండేండ్లలోపువారికి వాడుట మాన్పించిరి. గుండె లయకు హాని కలుగవచ్చునని భయము. ఆమ్లమును తగ్గించు మందులు బిడ్డ యేడుపును తగ్గింపవని పరిశోధనలు తేల్చినవి. బాలింతచేత పాలు, పెరుగు మాన్పించి పథ్యము పెట్టుటయు తొందరపాటే. ఆవుపాల మాంసకృత్తులు పడని బిడ్డలు కొందఱు గలరు. మలములో రక్తపుజీరయో, ఒంటిమీద దద్దురులో కనిపించినచో వైద్యుని సలహామీద రెండు మొదలు నాలుగు వారములు మాని చూడవచ్చును.

ఆలసింపరాని సమయము లున్నవి. వాంతి పచ్చగా నున్నను, రక్తము కనిపించినను, కడుపు ఉబ్బి గట్టిపడినను, జ్వరముతో మాడు ఉబ్బినను, ఊపిరి నిలిచి నీలిబాఱినను ఆ గడియలోనే ఆసుపత్రికి పోవలెను. మూడవ వారము మొదలు రెండవ నెల వఱకు త్రాగిన ప్రతిసారియు పాలు దూరముగా చిమ్ముచు, వెంటనే మరల ఆకలిగొనుచున్నచో కడుపు క్రిందిద్వారము మూసికొనిపోవుచుండవచ్చును. అది చిన్న శస్త్రముతో నయమగును. బరువు హెచ్చకున్నను, పాలనిన మొగము త్రిప్పుచున్నను, ఆఱునెలలు దాటినపిదప క్రొత్తగా మొదలైనను వైద్యునకు చూపవలెను. ఈ మేడలలో ఇంటిపని చేయు స్త్రీల బిడ్డలకును ఇవే గుఱుతులు. వారికి చెప్పువారు తక్కువ. రెడ్ హిల్సులో 1953 నుండి నడచుచున్న నీలోఫరు ఆసుపత్రి సర్కారుది. ఆ సంగతి మీ యింటి పనిమనిషికి నేడే చెప్పియుంచుడు.