పైకి కొంచెం ఎరుపు, లోపల ప్రాణాపాయం: నెక్రోటైజింగ్ ఫాసియైటిస్

పోయిన ఎపిసోడ్‌లో సెల్యులైటిస్ గురించి చెప్పుకున్నాం. ఈరోజు, అచ్చం దానిలాగే మొదలై గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే ఇంకో ఇన్ఫెక్షన్ గురించి చెప్తాను. పేరు నెక్రోటైజింగ్ ఫాసియైటిస్.

మటన్ కోసేటప్పుడు కండ మీద తెల్లటి పల్చటి పొర చూసే ఉంటారు. మన ఒంట్లో కూడా అలాంటి పొరే ఉంటుంది, దాన్ని ఫాసియా అంటాం. బ్యాక్టీరియా అక్కడికి చేరితే ఆ పొర వెంబడి వేగంగా పాకుతుంది. పైన చర్మం మాత్రం మొదట్లో కొంచెం ఎర్రగా ఉంటుంది, అంతే. ముల్లు గుచ్చుకున్నా, చిన్నగా గీరుకున్నా చాలు. ఒక్కోసారి గాయమే కనబడదు. షుగర్ ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. అలాగని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రాదని కాదు.

మరి ఎలా పట్టుకోవాలి? నేను మొదట చూసేది నొప్పి. పైకి కనిపించేదానికీ, పేషెంట్ చెప్పే నొప్పికీ పొంతన ఉండదు. ఎరుపు దాటి అవతల నొక్కినా అరుస్తారు. ఎరుపు అంచున పెన్నుతో గీత గీస్తాను. గంటా రెండు గంటల్లో అది గీత దాటితే ఇంక ఆలోచించేది లేదు. నల్లమచ్చలు, నీటి బొబ్బలు, నొక్కితే చిటపటలాడటం ఆలస్యంగా వచ్చే గుర్తులు. అప్పటిదాకా ఉన్న నొప్పి పోయి మొద్దుబారితే తగ్గిందనుకోకండి, నరాలు చచ్చిపోతున్నాయని అర్థం.

2004లో సింగపూర్ డాక్టర్లు ఎల్‌రినెక్ అనే స్కోరు ఇచ్చారు. సీఆర్‌పీ, తెల్లకణాలు, హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, షుగర్ కలిపి లెక్కేస్తారు. 6 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అనుమానం బలపడుతుంది. కానీ తక్కువ వచ్చింది కదా అని జబ్బు లేదనుకోకూడదు. సీటీలో గ్యాస్ కనబడకపోయినా అంతే. అనుమానం తీరకపోతే మత్తిచ్చి చిన్న కోత పెట్టి చూస్తాం. రక్తం కారకుండా, గిన్నెలు కడిగిన నీళ్ళలాంటి ద్రవం వచ్చి, వేలు పెడితే పొరలు సులువుగా విడిపోతే నిర్ధారణ అయినట్టే.

"యాంటీబయాటిక్స్‌తో తగ్గదా డాక్టర్ గారూ, కోయాల్సిందేనా?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. అక్కడ రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయండి. రక్తం వెళ్ళని చోటికి మందు ఎలా వెళ్తుంది? అందుకే చచ్చిన భాగమంతా తీసేయాలి. 24 గంటల్లో మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి చూస్తాం, మిగిలితే మళ్ళీ తీస్తాం. దాంతోపాటు సెలైన్, ఐసీయూ, అన్ని రకాల బ్యాక్టీరియా మీదా పనిచేసే మందులు. విషం తయారవకుండా ఆపడానికి క్లిండామైసిన్ కూడా కలుపుతాం. పుండు శుభ్రపడ్డాక చర్మం అతుకుతాం.

కాబట్టి నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఎరుపు చిన్నదే, నొప్పి భరించలేనిది, పైగా జ్వరం, నీరసం ఉంటే రాత్రయినా సరే, ఆపరేషన్ చేసే సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్ళండి. మొహమాటపడకుండా "సర్జన్ గారు ఒకసారి చూస్తారా" అని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో షుగర్ ఉన్నవాళ్ళ పాదాల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.