ముడి విప్పే వేళ: ట్రావెల్ ట్రైలర్ హిచ్ జీవితకథ

ఇంజన్ లేని చక్రాల ఇంటిని కారుకో పికప్ వాహనానికో తగిలించుకొని విహారానికి వెళ్లే అలవాటు ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ నూరేళ్లుగా సాగుతోంది. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అనీ, బ్రిటన్‌లో కారవాన్ అనీ పిలిచే ఈ బండిలో పడక, వంటిల్లు, స్నానాల గది అన్నీ ఇమిడి ఉన్నా, దాని ప్రయాణమంతా రెండు వాహనాలనూ కలిపే ఒక చిన్న లోహపు కీలు మీద ఆధారపడి ఉంటుంది. ఈ కీలునూ దాని అనుబంధ పరికరాలనూ కలిపి హిచ్ అంటారు. పగలు రహదారి మీద ఎన్ని కుదుపులకైనా ఊడిపోకూడనిదీ, గమ్యం చేరాక ఒక్క మనిషి చేతితో విడిపోవలసినదీ ఇదే. దూర ప్రయాణంలో ఒక్క రాత్రి కోసం ఆగినప్పుడు ట్రైలర్‌ను విడదీయాలా, తగిలించే ఉంచి నిద్రపోవాలా అనేది పైకి శ్రమకూ సౌకర్యానికీ సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది గాని, హిచ్ పుట్టుపూర్వోత్తరాలు పరిశీలిస్తే, ట్రైలర్ బరువును ఏ క్షణాన ఏది మోస్తోంది, దాన్ని దొర్లిపోకుండా ఏది ఆపుతోంది అనే రెండు ప్రశ్నలలోనే దానికి జవాబు ఉన్నట్టు తెలుస్తుంది.

గుర్రం నుంచి గోళం దాకా

కేవలం విహారం కోసం కట్టించుకున్న తొలి చక్రాల ఇళ్లలో 1885 నాటి ‘వాండరర్’ ప్రసిద్ధమైనది. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తరువాత బాలుర సాహస కథల రచయితగా పేరు తెచ్చుకున్న విలియం గోర్డన్ స్టేబుల్స్ దీన్ని బ్రిస్టల్‌లో తయారు చేయించాడు; సుమారు రెండు టన్నుల ఆ బండిని రెండు గుర్రాలు లాగేవి. లాగేది ప్రాణి అయినంత కాలం మజిలీలో బండి విప్పాలా వద్దా అనే సందేహానికి తావు లేదు, ఎందుకంటే గుర్రానికి మేత, నీరు, విశ్రాంతి తప్పనిసరి. గుర్రం స్థానంలోకి మోటారు వచ్చి, లాగేదానికి అలసట అనేది లేకుండా పోయాకనే ముడి విప్పడం మనిషి ఇష్టాయిష్టాలకు వదిలిన పని అయింది.

ఆ మార్పు ఇరవయ్యో శతాబ్దపు రెండో దశాబ్దంలో మొదలైంది. 1914లో డెట్రాయిట్ నగరంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను తరలించడానికి ఫోర్డ్ మోడల్ టి కారు వెనుక తగిలించే బండిని తయారు చేయగా, 1919లో బ్రిటన్‌లో ఎక్లెస్ సంస్థ మోటారు కారవాన్ల నిర్మాణానికి పూనుకుంది. 1920ల చివర విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్ ఫ్లోరిడాలో ‘ఏరోకార్’ అనే తేలికపాటి ట్రైలర్‌ను రూపొందించి, కుదుపులను మింగడం కోసం కారు వెనుక భాగంలో గాలి నింపిన టైరును అడ్డంగా అమర్చి, దాని నడుమ ట్రైలర్ ముందు కొసన ఉన్న పిన్నును దించాడు. డెట్రాయిట్‌కే చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్, వానలో విప్పి పరచవలసిన గుడారపు ట్రైలర్‌తో విసిగి, గట్టి గోడలున్న పెట్టెలాంటి ట్రైలర్‌ను చేయించి 1930లో అక్కడి మోటారు ప్రదర్శనలో పెట్టాడు; ‘కవర్డ్ వ్యాగన్’ పేరుతో ఆయన నెలకొల్పిన సంస్థ కొద్ది ఏళ్లలోనే ఆ రంగంలో అగ్రగామి అయింది.

ఈ బండ్లన్నిటికీ అవసరమైన కీలు మూడు రకాల కదలికలకు వీలివ్వాలి: మలుపుల్లో పక్కలకు తిరగడం, ఎత్తుపల్లాల్లో పైకీ కిందికీ వంగడం, ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు మెలితిరగడం. రంధ్రంలో దిగగొట్టిన నిలువు పిన్ను మొదటిదానికే పూర్తిగా వీలిస్తుంది. ఉక్కు గోళం మాత్రం మూడింటికీ వీలిస్తుంది కనుక, లాగే వాహనానికి గోళం, ట్రైలర్ కొసన దాని మీద బోర్లించే గిన్నె, గిన్నె కింద గోళాన్ని బిగించి పట్టుకునే నాలుక అనే అమరిక ప్రపంచమంతటా స్థిరపడింది. ఈ గిన్నె భాగాన్ని కప్లర్ అంటారు. ఐరోపాలో గోళం వ్యాసం 50 మిల్లీమీటర్లు కాగా, అమెరికాలో సుమారు 47.6, 50.8, 58.7 మిల్లీమీటర్ల గోళాలు మూడూ వాడుకలో ఉన్నాయి. పెద్ద కప్లర్‌ను చిన్న గోళం మీద దించితే బిగిసినట్టే కనిపించి కుదుపులో ఊడిపోయే ప్రమాదం ఉంది. ప్రతిసారీ విడదీసి మళ్లీ తగిలించడంలో పొరపాటుకు అవకాశం ఉన్నదనే వాదనకు ఇదొక ఆధారం.

నొగ మీది బరువు

రెండెడ్ల బండిలో సరుకు వెనక్కి ఎక్కువైతే కాడి ఎడ్ల మెడల మీది నుంచి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే మెడలు నలుగుతాయి. ట్రావెల్ ట్రైలర్ సూత్రమూ ఇదే: దాని చక్రాలు నడుమకు కాస్త వెనుకగా ఉంటాయి, గరిమనాభి వాటికి కొంచెం ముందు పడుతుంది, అందువల్ల మొత్తం బరువులో కొంత భాగం ముందుకు పొడుచుకొచ్చిన నొగ ద్వారా గోళం మీద పడుతుంది. అమెరికాలో ఈ భాగం పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలని చెబుతారు. అంతకన్నా బాగా తగ్గితే ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలై, ఒక హద్దు దాటిన వేగంలో ప్రతి ఊపూ ముందరిదాని కంటే పెద్దదవుతూ చివరికి రెండు వాహనాలనూ రోడ్డు మీది నుంచి తప్పించగలదు.

ఈ ముందు బరువు లాగే వాహనాన్ని ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో లెక్క కట్టవచ్చు. ట్రైలర్ 3,000 కిలోలు, నొగ మీద పన్నెండు శాతం, అంటే 360 కిలోలు అనుకుందాం; కారు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య 3 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి గోళానికి 1.2 మీటర్లు ఉన్నాయనుకుందాం. వెనుక ఇరుసు ఆధార బిందువుగా కారు ఒక తులాదండంలా పనిచేస్తుంది కనుక ముందు చక్రాల మీది నుంచి 144 కిలోలు తొలగి, వెనుక చక్రాల మీద 504 కిలోలు అదనంగా పడతాయి. స్టీరింగుకూ బ్రేకుకూ ఎక్కువగా పనికివచ్చే ముందు చక్రాలే ఇలా తేలికవడం ప్రమాదకరం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ట్రైలర్లు బరువెక్కిన కొద్దీ దీనికి విరుగుడుగా బరువు పంచే హిచ్ వాడుకలోకి వచ్చింది: గోళం దగ్గర నుంచి నొగకు రెండు వైపులా వెనక్కి సాగే రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీలను వంచి గొలుసులతోనో కొక్కేలతోనో బిగిస్తే, ఆ కడ్డీలు నిటారు కావడానికి చేసే ప్రయత్నం నుంచి పుట్టే భ్రామకం, అంటే తిప్పే బలం, వెనుక ఇరుసు మీది భారంలో కొంత ముందు చక్రాలకూ, మరికొంత ట్రైలర్ చక్రాలకూ చేరవేస్తుంది.

రహదారి మీద రక్షణ ఇచ్చిన ఈ కడ్డీలే మజిలీలో పనిని పెంచుతాయి. బిగిసి ఉన్న కడ్డీని నేరుగా ఊడదీస్తే అది చేతినో కాలినో విరగగొట్టగల బలంతో ఎగురుతుంది కాబట్టి, కప్లర్ ఇంకా గోళం మీద ఉండగానే నొగ జాకీతో ట్రైలర్ ముక్కునూ కారు వెనుక భాగాన్నీ కలిపి పైకెత్తి, కడ్డీలు వదులయ్యాక వాటిని తీసి, మళ్లీ కిందికి దించి, కప్లర్ నాలుకను విప్పి, ఆ తరువాత ముక్కును గోళం మీది నుంచి పైకి లేపవలసి ఉంటుంది. తెల్లవారి ఇదంతా తలకిందుల క్రమంలో జరగాలి.

నిలిచిన బండిని ఆపేదేది?

అమెరికన్ ట్రావెల్ ట్రైలర్లలో ఎక్కువ భాగానికి విద్యుత్ బ్రేకులు ఉంటాయి. డ్రైవర్ బ్రేకు తొక్కగానే లాగే వాహనం నుంచి వచ్చే కరెంటు చక్రపు డ్రమ్ములోని విద్యుదయస్కాంతానికి చేరి, అది తిరుగుతున్న డ్రమ్ముకు అతుక్కొని ఒక మీటను లాగి, బ్రేకు షూలను డ్రమ్ముకు ఒత్తుతుంది. కరెంటు లేకపోతే బ్రేకూ లేదు. ప్రయాణంలో ట్రైలర్ ఊడిపోతే ఒక సన్నని తీగ లాగుడుకు స్విచ్చు పనిచేసి, ట్రైలర్ సొంత బ్యాటరీతో బ్రేకులు పడే ఏర్పాటు ఉన్నా, అది నిమిషాల లెక్కన పనిచేసే అత్యవసర సాధనమే. దాన్ని రాత్రంతా పార్కింగ్ బ్రేకుగా వాడితే అయస్కాంతాలు వేడెక్కి, బ్యాటరీ ఖాళీ అయి, బండి చివరికి స్వేచ్ఛగా దొర్లుతుంది.

ఐరోపా కారవాన్లలో మార్గం వేరు. కారు నెమ్మదించగానే వెనుక నుంచి తోసుకొచ్చే కారవాన్ తాకిడికి కప్లర్ కొద్దిగా లోపలికి జారి, ఒక కడ్డీ ద్వారా బ్రేకులను బిగిస్తుంది. ఇదే యంత్రాంగానికి చేతితో లాగే హ్యాండ్‌బ్రేక్ కూడా ఉంటుంది. కాబట్టి ఐరోపాలో విడదీసిన కారవాన్‌కు తన బ్రేకు తనకు ఉండగా, అమెరికాలో విడదీసిన ట్రైలర్‌కు చక్రాల ముందూ వెనుకా పెట్టే అడ్డు దిమ్మెలు తప్ప వేరే ఆధారం ఉండదు. కప్లర్ విప్పక ముందే దిమ్మెలు పెట్టాలనే నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

తగిలించి ఉంచినంత మాత్రాన ఈ చిక్కు తీరిపోదు. చాలా వాహనాలలో పార్కింగ్ బ్రేకు వెనుక చక్రాల మీదనే పనిచేస్తుంది. ట్రైలర్‌ను మట్టం చేద్దామని తగిలించే ఉంచి నొగ జాకీతో ముక్కును బాగా పైకెత్తితే కారు వెనుక చక్రాలు తేలికై నేలతో పట్టు తగ్గి, రెండు వాహనాలూ కలిసి జారే అవకాశం ఏర్పడుతుంది.

మట్టం కోరే ఫ్రిజ్

బండి వాలి ఉంటే నిద్రలో తల పల్లానికి పడడం చిన్న ఇబ్బంది. అసలు చిక్కు చాలాకాలం ఫ్రిజ్ వల్ల వచ్చింది. 1922లో స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాలయంలో చదువుతున్న బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్‌టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కదిలే భాగమే లేని శోషణ రిఫ్రిజిరేటర్‌ను కనిపెట్టగా, ఎలక్ట్రోలక్స్ సంస్థ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గ్యాసు మంటతో నడవగలదు కనుక కరెంటు దొరకని చోట్ల తిరిగే ట్రైలర్‌కు అది సరిగ్గా అమరింది. అందులో వేడికి అమోనియా నీటి నుంచి ఆవిరై విడిపోయి, చల్లబడి ద్రవమై, హైడ్రోజన్ నిండిన గొట్టంలో మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకొని, చివరికి తిరిగి నీటిలో కలుస్తుంది. మోటారుతో నడిచే పంపు లేనందున ఈ ద్రవాలు గొట్టాల వాలు వెంట కేవలం గురుత్వాకర్షణ వల్లనే పారుతాయి.

బండి కదులుతున్నంతసేపూ కుదుపులు ద్రవాలను అటూ ఇటూ ఊపుతాయి కనుక నష్టం లేదు. ఒకే వాలులో గంటల తరబడి నిలిస్తే మాత్రం ద్రవం ఒకచోట గూడుకట్టి, బాయిలర్ అతిగా వేడెక్కి, తుప్పు నివారణకు కలిపిన రసాయనం గడ్డకట్టి గొట్టాన్ని శాశ్వతంగా మూసివేయవచ్చు. అందుకే పక్కవాలు సుమారు మూడు డిగ్రీలకూ, ముందువెనుకల వాలు ఆరు డిగ్రీలకూ మించరాదని తయారీదారులు చెబుతూ వచ్చారు.

ఈ రెండు వాలులను సరిచేసే పద్ధతులలోని తేడాయే విడదీయడానికి సంబంధించిన నిర్ణయానికి కీలకం. పక్కవాలును సరిచేయడానికి పల్లంలో ఉన్న చక్రాల కింద పలకలు వేసి బండిని వాటి మీదికి ఎక్కిస్తారు. దీనికి లాగే వాహనమే కావాలి కనుక తగిలించి ఉండగానే ఇది పూర్తి కావాలి. ముందువెనుకల వాలును సరిచేసేది నొగ జాకీ. దానికి ముక్కు స్వేచ్ఛగా లేవాలి, వాలాలి, అందుకు విడదీయక తప్పదు.

ఒక్క రాత్రి లెక్క

ఇంతవరకూ చూసిన కారణాలను ఒకచోట చేరిస్తే నిర్ణయం దాదాపు దానంతటదే తేలుతుంది. ఒక చివర ప్రవేశించి మరో చివర నుంచి నేరుగా బయటికి వెళ్లగలిగే స్థలం దొరికి, అది ముందువెనుకలకు చదునుగా ఉండి, రాత్రి కారుతో పని లేకపోతే తగిలించి ఉంచడమే మేలు: కడ్డీలు విప్పే ప్రమాదమూ, పొద్దున్నే తొందరలో కప్లర్ సరిగా బిగించని ప్రమాదమూ రెండూ తప్పుతాయి, గాలివానలో కారు బరువు ముక్కును పట్టి ఉంచుతుంది. అప్పుడు కూడా దిమ్మెలు పెట్టి, నొగ జాకీని పలక మీద ఆన్చి కొంత బరువును మాత్రం దాని మీదికి మార్చితే, కారు స్ప్రింగుల ఊగిసలాట తగ్గి లోపల నడిచినప్పుడల్లా బండి ఊగదు. పలక లేకుండా దించిన జాకీ పాదం ఎండకు మెత్తబడిన తారులో దిగబడుతుంది. రెండు వాహనాల విద్యుత్ తీగలను కలిపే ఏడు పిన్నుల ప్లగ్గును మాత్రం వాహనం తీరు తెలియకుండా వదిలేయకూడదు. ఇంజన్ ఆగాక కూడా కరెంటు ఇచ్చే వాహనమైతే, ట్రైలర్ దీపాలూ, పది ఆంపియర్లకు పైగా లాగగల ఫ్రిజ్ హీటరూ కారు బ్యాటరీని తెల్లవారేసరికి పీల్చివేస్తాయి.

నేల ముందువెనుకలకు వాలుగా ఉన్నా, కారు వేసుకొని బయటికి వెళ్లవలసి ఉన్నా, రెండో రాత్రి కూడా అక్కడే గడపదలచినా విడదీయడమే సరైనది. దుకాణాల పార్కింగ్ స్థలంలోనో రహదారి విశ్రాంతి స్థలంలోనో అనుమతితో రాత్రి ఆగేవారు విడదీయకపోవడం మర్యాదగా కూడా పరిగణితమవుతుంది, ఎందుకంటే అక్కడ ఇచ్చేది ఆగడానికి చోటు మాత్రమే, విడిది చేయడానికి కాదు.

హిచ్ కథ ఇప్పుడు మరో మలుపు దగ్గర ఉంది. బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు చిన్న వాలును లెక్కచేయవు కనుక మట్టం మీది పట్టింపు సడలుతోంది; 2022లో ప్రదర్శితమైన ఎయిర్‌స్ట్రీమ్ ‘ఇ-స్ట్రీమ్’ వంటి నమూనాలలో ట్రైలర్ ఇరుసుకే మోటార్లు అమర్చి, అది తనంతట తాను మెల్లగా కదిలి గోళం దగ్గరికి చేరగల వీలు కల్పించారు. విడదీయడం, తగిలించడం ఇలా సులభమయ్యే కొద్దీ ఒక్క రాత్రికి విడదీయకపోవడానికి చెప్పే కారణాలలో శ్రమ అనేది పోతుంది గాని, వాలు నేల మీద విడిచిన బరువు కిందికే దొర్లుతుందనే నియమం పోదు. ఏ తరం హిచ్‌కైనా మొదట వేయవలసింది చక్రాల కింది దిమ్మెలే, చివర తీయవలసినవీ అవే.